శని వలయానికి నువ్వులు

ఏడో తరగతి సైన్సు పుస్తకంలో సౌరకుటుంబం బొమ్మ చూపించి, నాలుగు ముక్కలు చెప్పి, ప్రశ్నలూ జవాబులూ రాయించి వదిలేసి ఉంటే సరిపోయేది. అందరూ చేసేది అదే. నేను అలా వదిలే రకాన్ని కాదు. ఏ పాఠమైనా చేత్తో ముట్టుకునే వస్తువుతో చెప్పకపోతే నాకు తోచదు. ఆ పట్టుదలతోనే ఒక పిల్లకి చెయ్యరాని పని చేశాను. ఇన్నాళ్ళూ దాన్ని ఎవరికీ పూర్తిగా చెప్పలేదు, మా ఆయనకి కూడా.

మాది ఏలూరు. నేను పనిచేసిన బడి కొల్లేటి లంక ఊళ్ళో ఉంది, ఏడో తరగతి వరకే. పొద్దున్నే బస్సెక్కి, దిగి, అక్కణ్ణుంచి చేపల చెరువుల గట్ల మీద షేరాటోలో పోవాలి. మా ఆయన తాడేపల్లిగూడెం కాలేజీలో పనిచేస్తారు, ఆయన రైలు ఆయనది. నాలుగేళ్ళ బాబుని మా అమ్మ చూసుకునేది.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. మాది మిషన్ల కాలం నాటి క్రైస్తవ కుటుంబం. మా నాయనమ్మ మిషన్ బడిలో పంతులమ్మ. మా ఇంట్లో పంచాంగం ఎప్పుడూ లేదు. రాహుకాలం, వర్జ్యం పక్కింటివాళ్ళ గొడవలు. శనివారమంటే మర్నాడు చర్చికి కట్టుకునే బట్టలు ఇస్త్రీ చేసుకునే రోజు. శని అంటే నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చుట్టూ వలయాలున్న ఒక అందమైన గ్రహం, అంతే. గ్రహాలు మనుషుల్ని పీడిస్తాయని ఎవరైనా అంటే ఒళ్ళు మండేది. అలా మండడం గొప్ప అనుకునేదాన్ని. వాళ్ళు ఏం నమ్ముతారో, ఎందుకు నమ్ముతారో ఒక్కసారి కూడా అడగలేదు.

పాఠం చెప్పే రోజున ఏలూరు మార్కెట్లో ఒక పంపరపనసకాయ, పీచు తీసిన కొబ్బరికాయ, రెండు బత్తాయిలు కొని సంచిలో వేసుకుని వెళ్ళాను. వాటిని బల్ల మీద వరసగా పెట్టి పక్కన ఒక గోళీ పెట్టాను. గోళీ మన భూమి, పంపరపనస బృహస్పతి, కొబ్బరికాయ శని, బత్తాయిలు యురేనస్, నెప్ట్యూన్ అని చెప్పాను. పిల్లలు గోళీని చూసి పగలబడి నవ్వారు. దాని మీద కొల్లేరు ఎక్కడుందో చూపించమని ఒకడు నా వెంట పడ్డాడు.

ఈ నాలుగు పెద్ద గ్రహాలకీ నిలబడడానికి నేల లేదని చెప్పాను. పైనంతా వాయువే, లోపలికి దిగేకొద్దీ చిక్కబడుతుంది తప్ప కాలికి అడుగు తగలదు.

"గెడ ఎంత దిగేసినా అందదాండీ?" అని వెనక నుంచి ఒకడు అడిగాడు. వాళ్ళంతా గెడతో పడవ తోసే ఇళ్ళ పిల్లలు.

"అందదు."

"మరక్కడ దిగినోడి గతేంటండీ?"

"దిగిపోతూనే ఉంటాడు, నలిగిపోయేదాకా," అన్నాను.

 ఆ ఊళ్ళో నీళ్ళు ఎవరినో ఒకరిని తీసుకుపోని ఇళ్ళు తక్కువ. నోరు జారానని తెలిసి గబగబా ఉపగ్రహాల్లోకి వెళ్ళిపోయాను. మనకి ఒకే చందమామ, బృహస్పతికి తొంభైకి పైనే, శనికి ఇంకా ఎక్కువ అన్నాను. శని చందమామల్లో పెద్దదాని పేరు టైటాన్ అనీ, దాని మీద సరస్సులున్నాయనీ, వాటిలో నీళ్ళకి బదులు వంటగ్యాసు లాంటి వాయువు చలికి ద్రవమై నిలిచి ఉంటుందనీ చెప్పాను. అక్కడా కొల్లేరు ఉందన్నమాట అని పిల్లలు తేల్చేశారు. శనిని పట్టేంత చెరువు ఉండి అందులో వేస్తే మునగదు, తేలుతుంది అని కూడా చెప్పాను. "తేలిందంటే చచ్చినట్టేనండీ," అన్నాడు చెరువు కాపలావాడి కొడుకు. అందరం నవ్వాం.

అప్పుడు కిటికీ పక్కన విడిగా కూర్చునే పిల్ల లేచింది. పన్నెండేళ్ళది, సన్నగా ఉంటుంది, లెక్కల్లో అందరికన్నా ముందు. "శని చుట్టూ అన్ని చందమామలు తిరుగుతాయి కదండీ, వాటికేం కాదాండీ?" అంది.

"ఏమవుతుంది? లక్షణంగా తిరుగుతుంటాయి," అన్నాను.

క్లాసంతా గొల్లుమంది. ఎందుకని గద్దిస్తే ముందు బెంచీ పిల్ల చెప్పింది, "దాన్ని వాళ్ళింట్లో పిలిచేది అలాగేనండి. శనీ అనే పిలుస్తారండి."

తరవాత ఆరా తీశాను. ఆ పిల్ల పుట్టింది శనివారం. పురుడు వెళ్ళకముందే తండ్రి పడవ తిరగబడి పోయాడు. తల్లి రెండేళ్ళు చూసి పుట్టింటికి పోయి మరో పెళ్ళి చేసుకుంది. ఇక్కడ నాయనమ్మ, బాబాయి. నాయనమ్మ నోట అసలు పేరు రాదు. "శనీ, నీళ్ళు తే," "శనీ, పొయ్యి చూడు." పిల్లలు దాని పక్కన కూర్చోరు. దాని పెన్సిలు ఎవరూ అడగరు.

నాకు కడుపు మండిపోయింది. ఏడో తరగతి అయ్యాక ఆ ఊరి ఆడపిల్లలు చాలామంది చదువు మానేస్తారు, హైస్కూలు అంత దూరం. ఏలూరులో ఆడపిల్లల రెసిడెన్షియల్ స్కూలు ఒకటుంది. ఎనిమిదో తరగతిలో కొన్ని సీట్లకి పరీక్ష పెడతారు. ఈ పిల్లకి సీటు గ్యారంటీ. బాబాయి సంతకం పెడితే చాలు, ఆ ఇంట్లోంచి బయటపడుతుంది. దానికంటే ముందు ఊరి దృష్టిలో దాన్ని మనిషిగా నిలబెట్టాలనుకున్నాను. సైన్సు దినోత్సవానికి పిల్లల చేత గ్రహాల నాటిక వేయించి, శని వేషం ఆ పిల్లకే ఇస్తానన్నాను. ఏ మాటతో దాన్ని కించపరుస్తున్నారో ఆ మాటే అందంగా, వలయంతో, చందమామలతో ఊరందరి ముందూ నిలబడాలని నా ఆలోచన. అది నా ఘనకార్యం.

అట్టపెట్టె కోసి నడుముకి పట్టేంత పెద్ద వలయం చేశాను. శని వలయం గట్టి చక్రం కాదు, కోట్ల మంచు ముక్కలూ రాళ్ళూ కలిసి తిరుగుతున్నవి. అది పిల్లలకి తెలియాలంటే అట్ట మీద చిన్న గింజలు అంటించాలి. బియ్యం పెడితే ఎలుకలు తింటాయి. ఇసుక రాలిపోతుంది. గింజ చిన్నదిగా ఉంటుందని నువ్వులు అనుకున్నాను. "రేపు ప్రతి ఒక్కరూ గుప్పెడు నువ్వులు తీసుకురండి, శని వలయానికి," అన్నాను.

రంగు పెన్సిలు తెమ్మంటే వారం రోజులు తిప్పే పిల్లలు. మర్నాడు ఒక్కరు తప్పకుండా తెచ్చారు. అన్నీ నల్ల నువ్వులే. ఆరో తరగతి పిల్లలూ తెచ్చారు, నాటికతో సంబంధం లేనివాళ్ళు. కొందరు నల్లగుడ్డలో మూట కట్టుకుని తెచ్చారు. ఒక మూటలో ఇనప మేకు ఉంది. ఇదెందుకురా అంటే "మా అమ్మ ఎయ్యమందండి," అన్నాడు. సరే, ఇదీ ఒక రాయే అనుకుందాం అని దాన్ని కూడా అంటించాను. తల్లిదండ్రులు బడి పనుల్లో ఇంత కలిసి రావడం నేను చూడలేదు. ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పుకుని మురిసిపోయాను.

నువ్వులు నా బల్ల మీద పెట్టమంటే పిల్లలు పెట్టలేదు. "ఆ అమ్మాయి చేతికే ఇమ్మన్నారండి," అన్నారు. సరే పట్టవే అన్నాను, ఆ పిల్ల రెండు చేతులూ దోసిలి పట్టింది. ఒక్కొక్కరే వచ్చి దోసిట్లో పోసి, వెనక్కి తిరక్కుండా వెళ్ళి కూర్చున్నారు. దోసిలి నిండినప్పుడల్లా పళ్ళెంలోకి వంచి మళ్ళీ పట్టింది. ఇన్నాళ్ళకి దాని దగ్గరికి వెళ్ళారు, దానికి ఇంత ఇచ్చారు అని నాకు కళ్ళు చెమర్చాయి.

నాటిక రోజున ఊరంతా వచ్చింది. బృహస్పతి వేసినవాడు మాటలు మర్చిపోయాడు. ఈ పిల్ల మర్చిపోలేదు. నడుము చుట్టూ నల్లని వలయంతో నిలబడి, తన ఒంట్లో నేల లేదనీ, నీటికన్నా తేలికనీ, తన చుట్టూ తిరిగే టైటాన్‌కి గాలి కూడా ఉందనీ గడగడా చెప్పింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వారమంతా ఏలూరులో ట్రైనింగులో ఉన్న మా హెడ్మాస్టారు అప్పుడే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. గేటు దగ్గర నాయనమ్మ ఉంది. దగ్గరికొచ్చి మనవరాలి నడుము మీది వలయాన్ని చూసి, గుండెలు బాదుకుంటూ వెళ్ళిపోయింది.

హెడ్మాస్టారు నన్ను ఆఫీసు గదిలోకి పిలిచారు. ఆయనది అత్తిలి వైపు, వ్యవసాయం చేసుకునే కుటుంబం. గట్టిగా మాట్లాడడం తెలియని మనిషి. "టీచర్ గారూ, నువ్వులు ఎవరు తెమ్మన్నారండీ?" అన్నారు.

"నేనే."

ఆయన తలుపు దగ్గరికి వేశారు. "శని పడితే నల్ల నువ్వులు దానం చేస్తారండి. నల్లగుడ్డలో, ఇనప ముక్క వేసి. ఇచ్చినవాళ్ళ పీడ ఆ దానం పట్టినవాళ్ళకి చుట్టుకుంటుందని నమ్మకం అండి. అందుకే దాన్ని ఎవరూ పట్టరు. మా నాన్నగారు ఒకసారి పట్టేవాళ్ళు దొరక్క ఊళ్ళు తిరిగారండి. మీరు వీళ్ళకి బడిలోనే పట్టే మనిషిని చూపించారు."

 నాకు కోపం వచ్చింది. మర్నాడు పొద్దున్న పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లుల్ని గేటు దగ్గరే నిలేశాను. పసిదాని మీద పోస్తారా, మీరు మనుషులేనా అని అరిచాను. మేకు పంపించిన తల్లి తల వంచుకుని, చాలా మెల్లగా చెప్పింది, "మీరే కదండీ తెమ్మన్నారు. మా చిన్నోడికి ఆర్నెల్ల నించీ ఒంట్లో బాగోట్లేదండి. ఎవురో ఒకరు పట్టాలి కదండీ." ఆవిడ నన్ను వెక్కిరించలేదు. నేను తెలిసే ఆ ఉపకారం చేశానని ఆవిడ అనుకుంది.

ఆ పిల్లని పక్కకి పిలిచి అడిగాను, ఇదంతా నీకు తెలుసా అని.

"తెలుసండి."

"మరెందుకు పట్టావే?"

"మీరు పట్టమన్నారు కదండీ."

ఆ రాత్రి ఆ మాటకి నాకు నిద్ర రాలేదని చెప్పుకోవచ్చు గానీ, నిజానికి నేను పడుకున్నాను. పరీక్షకి ఫారం తెప్పిస్తే అంతా సర్దుకుంటుందని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఏ తప్పునైనా ఇంకో మంచి పనితో కప్పెయ్యొచ్చనేది మా బోటి టీచర్ల జబ్బు.

రెండు వారాలకి మబ్బు పట్టింది. మబ్బు రోజుల్లో చెరువు నీళ్ళలో ప్రాణవాయువు తగ్గి చేపలు చస్తాయి. అది చెరువులున్న ప్రతివాడికీ తెలుసు. ఆ రెండు రోజుల్లో మూడు చెరువుల్లో చేపలు తేలాయి. అందులో ఒకటి ఆ పిల్ల బాబాయి కౌలుకి చేస్తున్నది. మిగతా రెండు చెరువుల వాళ్ళు మబ్బుని తిట్టుకున్నారు. ఈ ఇంట్లో మాత్రం పిల్ల వైపు చూశారు. దాని పక్క వంటపాకలోకి మార్చారు. కంచం వేరు చేశారు. బాబాయి తన పిల్లల్ని దాని నీడ పడకుండా చూసుకోమన్నాడు. నేను వెళ్ళి నల్లబల్ల లేకపోయినా చేతులు తిప్పుతూ మబ్బుకీ ఆక్సిజన్‌కీ సంబంధం అంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"మీరు సదువుకున్నోరండి, మీకు సెప్పేటంతోళ్ళం కాదండి. మా ఇంటి పీడ ఒక్కటే అయితే పన్నెండేళ్ళు మోసేమండి. ఇప్పుడు ఊరందరిదీ మోయలేమండి," అన్నాడు.

ఫారం తీస్తే చదవకుండా సంతకం పెట్టాడు. ఎలా ఒప్పించాలా అని నెలల తరబడి నేను దిగులుపడిన సంతకం అది. "ఎప్పుడు తీసుకెల్తారండి?" అని అడిగాడు.

పరీక్షలో అది మొదటి పదిమందిలో వచ్చింది. జూన్‌లో, చేరే తేదీకి రెండు రోజుల ముందు దాన్ని మా ఇంటికి తీసుకొచ్చాను. తలంటించి, రెండు జతల బట్టలు, ఒక ట్రంకుపెట్టె కొని నేనే దగ్గరుండి చేర్పించాలని. బస్సులో ఒంటి సీటులో కూర్చుంటానంది. మా ఇంట్లో గోడ పక్కన చాప వేసుకుని, అడిగితే తప్ప కదలలేదు. మా బాబు దాని దగ్గరికి పోతే చేతులు వెనక్కి పెట్టుకునేది.

"ఏం కాదే, ఎత్తుకో," అన్నాను.

"వొద్దండి."

"నేను చెబుతున్నాగా. అదంతా ఒట్టి మాట. ఎత్తుకో."

మళ్ళీ నేను చెప్పాననే ఎత్తుకుంది. సాయంత్రానికి వాడు దాని ఒళ్ళోంచి దిగలేదు. బృహస్పతిలో పడ్డవాడు దిగుతూ దిగుతూ దారిలో ఎవరెవరిని కలిశాడో కథ కట్టి చెబుతుంటే వాడు కిందామీదా పడి నవ్వాడు, అదీ నవ్వింది. ఆ పిల్ల నవ్వడం నేను చూసింది ఆ ఒక్క సాయంత్రమే.

మర్నాడు పన్నెండింటికి బాబుకి జ్వరం వచ్చింది. గంటలో ఒళ్ళు పెనంలా కాలిపోయింది. కళ్ళు తేలేశాడు. నేను వాణ్ణి భుజాన వేసుకుని చెప్పుల కోసం వెతుకుతుంటే ఆ పిల్ల తడిగుడ్డ పట్టుకుని దగ్గరికి వచ్చింది.

"నువ్వు అవతలికి పోమ్మా," అన్నాను.

అడ్డం వచ్చిన వాళ్ళెవరితోనైనా ఆ కంగారులో అదే మాట అంటాను. అప్పటి నుంచీ నాకు నేను చెప్పుకుంటున్నది ఇదే. కానీ ఆ మాట అంటూ బాబుని అటు భుజం నుంచి ఇటు భుజానికి, దానికి అందకుండా మార్చుకున్నాను. ఆ పిల్ల అది చూసింది. గుడ్డ గుమ్మం మీద పెట్టి వెనక్కి తగ్గింది.

డాక్టరు గారు వైరల్ జ్వరం, ఏలూరంతా ఉంది, భయం లేదు అన్నారు. నాలుగింటికి మందులతో తిరిగొచ్చేసరికి చాప చుట్టి గోడకి ఆనించి ఉంది. ట్రంకుపెట్టె అలాగే ఉంది, కొత్త బట్టలు అందులోనే ఉన్నాయి. "ఊరెళ్ళొస్తానండి అమ్మమ్మ గారూ అని చెప్పి వెళ్ళిందే. నువ్వే పంపించావనుకున్నాను," అంది మా అమ్మ.

ఇక్కడ అబద్ధం రాయడం చాలా తేలిక. ఆ చుట్టిన చాపని చూసి నాకు ముందు భయం కలగలేదు, జాలి కలగలేదు. హాయిగా అనిపించింది. ఇంట్లోంచి ఏదో బరువు వెళ్ళిపోయినట్టు ఊపిరి తేలిగ్గా ఆడింది. పంచాంగం లేని ఇంట్లో పుట్టినదాన్ని, గ్రహాలకి కాయల్నీ గోళీల్నీ పెట్టి లెక్క చెప్పినదాన్ని, బాబుని ఒళ్ళో పెట్టుకుని, ఇక తగ్గిపోతుందిలే అనుకున్నాను.

ఆ ఊరికి చివరి బస్సుకి ఇంకా గంటన్నర ఉంది. నేను వెళ్ళలేదు. మర్నాడు చేరాల్సిన రోజు. స్కూలు వాళ్ళు రెండుసార్లు ఫోను చేశారు. బాబుకి ఒంట్లో బాగోలేదని చెప్పాను, అది నిజమే. రెండోసారి చేసినప్పుడు సాయంత్రం అయిదు వరకే చూస్తామని, ఆ తరవాత జాబితాలో తరవాతి అమ్మాయిని పిలుస్తామని చెప్పారు. సరేనండి అన్నాను.

బాబుకి జ్వరం దిగాక, నాలుగో రోజున వెళ్ళాను. నాయనమ్మ పాక ముందు కూర్చుని చేపలు తోముతోంది. పిల్ల లేదు. ముదినేపల్లి వైపు చెరువుల మీద పనికి వెళ్ళిన ఒక కుటుంబంతో, వంటకీ కాపలాకీ తోడుగా పంపించేశారట. ఎక్కడని అడిగితే గట్టు పేరు తెలియదంది. ఎప్పుడొస్తుందని అడిగితే దానికీ తెలియదంది. పంపించొద్దని బతిమాలే మొహం నాకు లేదు.

లేచి వచ్చేస్తుంటే ముసలావిడ వెనక నుంచి పిలిచింది.

"టీచర్ గారండీ, ఎల్లేటప్పుడు అది ఒక మాట అడగమందండి. మీరొత్తే అడిగి, తనకి కబురంపమంది. అదొచ్చేసేక మీ బాబుకి తగ్గిందాండీ?"

మొదటిసారి ఆవిడ నోట ఆ పిల్ల గురించి తిట్టు లేకుండా విన్నాను. ఇంకా తగ్గలేదని చెప్పి ఉండొచ్చు. తగ్గడానికీ దానికీ సంబంధం లేదని మళ్ళీ పాఠం మొదలుపెట్టి ఉండొచ్చు. ఆవిడ చేతిలో చేప పట్టుకుని నా జవాబు కోసం చూస్తోంది.

"తగ్గిందండీ," అన్నాను.